ముందుగా పదో తరగతే.. పరీక్ష కోసమా? చదువు కోసమా?

బడి ఏ కారణంతో మూతపడినా, తిరిగి తెరిచే రోజు వచ్చేసరికి మొదట వినిపించే మాట పదో తరగతి. తుపాను, వరద, సమ్మె, అంటువ్యాధి.. ఏదైనా సరే, చిన్న తరగతుల సంగతి తర్వాత చూసుకోవచ్చునని, 'పది' పిల్లలను మాత్రం వెంటనే రప్పించాలని అధికారులు, యాజమాన్యాలు, తల్లిదండ్రుల్లో అధికులు కోరుకుంటారు. దీనికి ఎదురుగా మరో ప్రశ్న నిలుస్తుంది. అందరికీ ప్రమాదమని మూసిన బడికి, పరీక్ష ఉన్నదన్న కారణంతో కొందరినే ముందు పిలవడం న్యాయమేనా? పదిహేనేళ్ల పిల్లవాడు పరీక్ష రాయవలసి ఉన్నంత మాత్రాన అతడికి పొంచి ఉన్న ముప్పు తగ్గుతుందా?

కరోనా కాలంలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చింది. ఒకసారి కాదు, 2020 నుంచి 2022 వరకు పలుమార్లు. నాటి నిర్ణయాల ఫలితాలు తర్వాతి ఏళ్ల లెక్కల్లో బయటపడ్డాయి. వాటిని వరుసగా పేర్చి చూస్తే తేలేది ఇది: పదో తరగతిని ముందు పిలవడం తప్పు కాదు. పరీక్ష పేరు చెప్పి పిలవడం వల్లనే చిక్కులన్నీ వచ్చాయి.

పాత మూతలు వేరు

తెలుగు నేలకు బడుల మూత కొత్త కాదు. 2011లో సకల జనుల సమ్మె రోజుల్లో తెలంగాణ జిల్లాల్లోను, 2013లో సమైక్యాంధ్ర ఉద్యమ కాలంలో సీమాంధ్ర జిల్లాల్లోను పాఠశాలలు వారాల తరబడి నడవలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బడుల పైకప్పులనే ఎగరగొట్టింది. అయితే ఆ సందర్భాల్లో బడి తెరుచుకున్నాక తరగతి గదిలో భయపడవలసినది ఏమీ లేదు. పోయిన రోజులను ఆదివారాల్లో, రెండో శనివారాల్లో పూడ్చుకోవడమొక్కటే సమస్య. పదో తరగతికి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి గట్టెక్కించేవారు.

2020లో వచ్చిన చిక్కు వేరు. తెరిచిన గదిలోనే ప్రమాదం ఉన్నది. పిల్లలకు జబ్బు తీవ్రం కావడం అరుదేనని తొలి నెలల్లోనే వైద్యులు గమనించారు గానీ, పిల్లవాడు సాయంత్రానికి చేరేది నానమ్మ, తాతయ్య ఉన్న ఇంటికే. ఒకే గదిలో మూడు తరాలు నిద్రించే ఇళ్లకు దూరం పాటించాలన్న సలహా చెప్పడం తేలికే. అందుచేత పిల్లవాడిని పంపాలా వద్దా అన్నది ఒక విద్యార్థికి సంబంధించిన నిర్ణయంగా మిగలలేదు. అది ఆ ఇంటిల్లిపాదికీ, ఆ బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడి ఇంటికీ సంబంధించిన నిర్ణయం అయింది.

ఒకే ఏడాదిలో రెండు రద్దులు

2020 మార్చి మూడో వారంలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో మార్చి 19న మొదలైన పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు ముగిశాక హైకోర్టు ఆదేశంతో ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 31న మొదలు కావలసినవి మొదలే కాలేదు. జూన్ 8న తెలంగాణ ప్రభుత్వం మిగిలిన పరీక్షలను రద్దు చేసి 5.34 లక్షల మందిని అంతర్గత మార్కులతో ఉత్తీర్ణులను చేసింది. పదకొండు పేపర్లను ఆరుకు కుదించి జూలైలో నిర్వహించాలనుకున్న ఆంధ్రప్రదేశ్ కూడా జూన్ 20న రద్దు ప్రకటించింది. అదే సమయంలో పొరుగున కర్ణాటక జూన్ 25 నుంచి ఎనిమిది లక్షల మందికి పైగా విద్యార్థులతో ఎస్సెస్సెల్సీ పరీక్షలు పూర్తి చేసింది. కేరళ అంతకు ముందే, మే నెలాఖరులో, ముగించుకున్నది. తమిళనాడు రద్దు దారి పట్టింది. ఒకే వ్యాధి, పక్కపక్కనే రాష్ట్రాలు, భిన్నమైన నిర్ణయాలు.

తర్వాతి బ్యాచ్ కథ ఇంకా చిక్కు. కేంద్ర హోంశాఖ ఆగస్టు 29న వెలువరించిన మార్గదర్శకాల్లో సెప్టెంబరు 21 నుంచి 9 నుంచి 12 తరగతుల వారు, తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారంతో, ఉపాధ్యాయుల సలహాల కోసం బడికి వెళ్లవచ్చునన్నది. 'తరగతులకు' అనలేదు, 'సలహాల కోసం' అన్నది. అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ మరో అడుగు వేసి, తెరవడం రాష్ట్రాల ఇష్టమని, హాజరును ఒత్తిడి చేయరాదని, తెరిచిన తొలి రెండు మూడు వారాల్లో పరీక్షలు పెట్టరాదని సూచించింది. ఈ చివరి సూచన ఎందరి దృష్టిలో పడిందో తెలియదు గానీ, మొత్తం మార్గదర్శకాల్లో విలువైన మాట అదే.

ముందు ఎవరిని పిలవాలన్న దానిపై ప్రపంచంలోనూ ఏకాభిప్రాయం లేదు. చైనా, దక్షిణ కొరియా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష రాసే చివరి ఏడాది విద్యార్థులను మొదట రప్పించాయి. బీజింగ్‌లో 2020 ఏప్రిల్ 27న, కొరియాలో మే 20న వారికి బడులు తెరుచుకున్నాయి. కొరియాలో తొలిరోజే కొన్ని బడుల నుంచి పిల్లలను వెనక్కి పంపవలసి వచ్చింది. డెన్మార్క్ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచింది. ఏప్రిల్ 15న చిన్న పిల్లలను ముందు పిలిచింది. పెద్ద పిల్లలు ఇంట్లో సొంతంగా కొంతైనా చదువుకోగలరు, చిన్నవారు చదువుకోలేరన్నది అక్కడి వాదన. పరీక్ష కేంద్రంగా ఆలోచిస్తే ఒక వరుస, నేర్చుకోవడం కేంద్రంగా ఆలోచిస్తే మరో వరుస వస్తుందన్నమాట.

'పది' అంటే ఎందుకంత పట్టు?

పదో తరగతి ధ్రువపత్రం తెలుగు రాష్ట్రాల్లో కేవలం ఒక మెట్టు కాదు. పుట్టిన తేదీకి అదే ఆధారం. పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంటర్ ప్రవేశాలకు అదే తాళంచెవి. గ్రామీణ డాక్ సేవక్ కొలువులు పదో తరగతి మార్కుల మీదనే భర్తీ అవుతాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో సీటుకు పదో తరగతి ఫలితమే కొలమానం. ప్రభుత్వ బడిలో చదివిన పేద పిల్లలకు అదనంగా 0.4 పాయింటు కలిపే పద్ధతి వల్ల ఎన్నో పల్లె కుటుంబాల్లో తొలి ఇంజినీరు అక్కడి నుంచే వచ్చాడు. ఆ ఇంటివారికి పదో తరగతి ఏడాది పోవడమంటే ఆరేళ్ల ఉచిత చదువు చేజారడమే.

ఇది పైకి కనిపించే కారణం. కనిపించని కారణం మరొకటి ఉన్నది. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసే బడికీ పనికీ మధ్య సరిహద్దు. ఏడేళ్ల పిల్లవాడి బడి మూతపడితే అతడు వీధిలో ఆడుకుంటాడు. పదిహేనేళ్ల పిల్లవాడు పనిలో చేరతాడు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలైన కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా పత్తి, మిర్చి పనులకు గుంటూరు వైపు కుటుంబాలు వలస పోతాయి. ఇలాంటి ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపేది పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లకుండా ఆపడానికే. బడీ, హాస్టలూ రెండూ మూసి ఉంటే ఆపేవారు ఎవరు? ఆడపిల్ల విషయం చెప్పనవసరం లేదు. బడికి వెళ్తున్నంతకాలం 'ఇంకా చదువుకుంటున్నది' అన్న ఒక్క మాట పెళ్లి సంబంధాలను వాయిదా వేయిస్తుంది. ఆ మాటకు ఆధారం పోతే పెద్దలకు మరో అడ్డు ఉండదు.

పదో తరగతి పిల్లలను ముందుగా పిలవాలన్న వాదనలో నిజమైన బలం ఇక్కడ ఉన్నది. జూన్‌లో రాయవలసిన పేపరు కన్నా, నవంబరులో కూలికి వెళ్లబోయే పిల్లవాడిని బెంచీ మీద కూర్చోబెట్టడం పెద్ద విషయం.

ఇంటి చదువు అందినంత వరకే

బడి లేనప్పుడు ఇంటికే పాఠం పంపుతామన్న ప్రయత్నం జరగలేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రైవేటు బడులు ఫోన్లలో తరగతులు నడిపాయి. దేశవ్యాప్తంగా 2018లో 36.5 శాతం పిల్లల ఇళ్లలో ఉన్న స్మార్ట్‌ఫోను, 2020 సెప్టెంబరు నాటికి 61.8 శాతం ఇళ్లకు చేరిందని 'అసర్' సర్వే తెలిపింది. అయితే ఫోను ఇంట్లో ఉండటం వేరు, పిల్లవాడి చేతిలో ఉండటం వేరు. పగలంతా అది తండ్రి వెంట పొలానికో, ఆటో మీదకో పోతుంది. ఇద్దరు పిల్లలుంటే ఎవరి తరగతి వింటారు? నాడు విశాఖ జిల్లాలోను, నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను ఉన్న పాడేరు మన్యంలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన ఊళ్లు ఎన్నో.

టీవీ పాఠానికి ఇంకో లోటు ఉన్నది. అది అర్థం కాని చోట ఆగదు. తొమ్మిదిలో బహుపదుల కారణాంక విభజన రానివాడికి పదిలో వర్గ సమీకరణాల పాఠం ఎంత బాగా చెప్పినా వినిపించేది శబ్దమే. ఎదురుగా ఉన్న ఉపాధ్యాయుడు పిల్లవాడి ముఖం చూసి వెనక్కి వెళ్లగలడు. తెర వెళ్లలేదు.

నవంబరు 2: వచ్చినవారు, రానివారు

ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 2న 9, 10 తరగతులకు, ఇంటర్‌కు తలుపులు తెరిచింది. రోజు విడిచి రోజు, ఒంటిపూట. గదికి 16 మందికి మించరాదన్నారు. మధ్యాహ్న భోజనం పెట్టి ఇంటికి పంపేవారు. బడి తలుపు దగ్గర ఉష్ణోగ్రత చూడటం, చేతులు కడిగించడం, తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకోవడం అప్పటి ఏర్పాట్లు.

మూడు రోజులు తిరగకుండానే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి సోకినట్లు పాఠశాల విద్యాశాఖ వెల్లడించింది. ఆ అంకెలు రాష్ట్రమంతా కలకలం రేపాయి. 'బడి తెరవగానే జబ్బు' అన్నట్లుగా వార్తలు వ్యాపించాయి. నింపాదిగా చూస్తే ఆ అంకెలు చెప్పేది వేరు. సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా నాలుగైదు రోజులైనా పట్టే వ్యాధి అది. బడి తెరిచిన మూడో రోజుకు తేలిన కేసుల్లో అధిక భాగం బడికి రాకముందే ఇంట్లోనో ఊళ్లోనో అంటుకున్నవై ఉండాలి. తరగతులకు వచ్చిన వారు నాలుగు లక్షలకు దగ్గర. అందులో 262 అంటే వెయ్యికి ఒక్కరు కూడా కాదు. ఉపాధ్యాయుల సంఖ్య లక్ష పైచిలుకే కనుక వారి నిష్పత్తి అంతకు రెట్టింపు. పరీక్షలు చేసిన తీరు ఇద్దరికీ ఒకటి కానందున వాటిని నేరుగా పోల్చడం కుదరదు. అయినా బడి తెరవడంలో అసలు ముప్పు ఎవరి మీద పడుతుందో ఊహించడానికి ఆ లెక్క చాలు. యాభై దాటిన, మధుమేహం ఉన్న మాస్టారికి జబ్బు సోకితే పరిణామం వేరు. పిల్లలను పిలవాలా అన్న చర్చ నెలల తరబడి సాగింది. ఉపాధ్యాయుల రక్షణ గురించి జరిగిన చర్చ అందులో పదో వంతు లేదు.

అంతకన్నా ముఖ్యమైన అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తొమ్మిది, పది తరగతుల్లో నమోదైన వారు 9.75 లక్షలు. వచ్చిన వారు నాలుగు లక్షల లోపు. రోజు విడిచి రోజు పద్ధతి, తల్లిదండ్రుల భయం, రవాణా లేకపోవడం.. కారణాలు కలగలిసి ఉన్నాయి. రానివారిలో భయపడి ఇంట్లో ఉన్నవారెందరు, పనిలో కుదిరినవారెందరు అన్నది విడదీసి చూడటమే అప్పుడు జరగవలసిన మొదటి పని. మొదటివారికి పాఠం ఇంటికి పంపాలి. రెండోవారి ఇంటికి మనిషి వెళ్లాలి. ఇద్దరినీ 'గైర్హాజరు' అన్న ఒకే గడిలో రాస్తే రెండూ జరగవు.

అంగీకార పత్రం మాటున

లిఖితపూర్వక అంగీకారం అన్న నిబంధన వినడానికి తల్లిదండ్రులకు ఇచ్చిన గౌరవంలా ఉంటుంది. ఇష్టమైతే పంపండి, లేకుంటే వద్దు. అయితే నిజమైన ఎంపిక ఉండాలంటే రెండు దారులూ నడవదగినవై ఉండాలి. ఇంట్లో ఫోను, గది, చదువు చెప్పగల పెద్దలు ఉన్న కుటుంబానికి 'వద్దు' అనే వీలున్నది. ఇవేవీ లేని కుటుంబానికి సంతకం పెట్టడం తప్ప దారి లేదు. వేలిముద్ర వేసిన తల్లి ఆ పత్రంలో ఏమున్నదో చదివి వేసిందనుకోవడం అమాయకత్వం. ఆపద వస్తే బాధ్యత తమది కాదని చెప్పుకోవడానికి యాజమాన్యాలకు ఆ కాగితం పనికొచ్చింది. పిల్లవాడికి ఏ విధంగా పనికొచ్చిందో చెప్పడం కష్టం.

తెలంగాణ ఇంకా ఆచితూచి అడుగేసింది. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు, కళాశాలలు తెరిచింది. పదిన్నర నెలల తర్వాత. గదికి 20 మంది, హాజరు తప్పనిసరి కాదు. మే 17 నుంచి పరీక్షలని, పేపర్లు పదకొండు కాదు ఆరేనని, సిలబస్‌లో 70 శాతం నుంచే ప్రశ్నలని ప్రకటించారు. ఉన్న కొద్ది రోజుల్లో పూర్తి చేయాలన్న ఆత్రుతలో బడులు ఏం చేశాయో ఊహించవచ్చు. ముఖ్యమైన ప్రశ్నలు, జవాబుల బట్టీ, స్లిప్ టెస్టులు. ఏడాది పొడవునా పాఠమే వినని పిల్లవాడికి పునశ్చరణ మొదలైంది. వినని దాన్ని మళ్లీ చదవడం ఎలా సాధ్యమో ప్రణాళికలు రాసినవారే చెప్పాలి. మార్చి 24 నుంచి బడులు మళ్లీ మూతపడ్డాయి. ఆదివారాలు, సెలవులు కలిపినా తెరిచి ఉన్నది 51 రోజులు.

ఏప్రిల్ 2021: పది పిల్లలే మిగిలారు

ఈ మొత్తం కథలో ఎక్కువ ఆలోచింపజేసే ఘట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ చివరి వారాలది. రెండో ఉద్ధృతి ఉగ్రరూపం దాల్చింది. ఆస్పత్రుల్లో పడకలు, ఆక్సిజన్ దొరకని రోజులు. ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకు సెలవులిచ్చారు. జూన్ 7న పరీక్షలున్నాయి గనుక పదో తరగతి మాత్రం నెలాఖరు వరకు నడిచింది. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ 14న, తెలంగాణ పరీక్షలు 15న రద్దయినా, ఇక్కడి పిల్లలు బడికి వస్తూనే ఉన్నారు. నవంబరులో పిల్లలను రప్పించడానికి చదువు, పని, పెళ్లి వంటి బలమైన కారణాలు ఉన్నాయి. ఏప్రిల్‌లో మిగిలిన కారణం పరీక్ష ఒక్కటే. ప్రమాదం తగ్గుతున్నప్పుడు పిలవడానికీ, పెరుగుతున్నప్పుడు ఆపకపోవడానికీ ఒకే సాకు చూపడం ఇక్కడే బెడిసికొట్టింది.

చివరికి ఆ పరీక్షా జరగలేదు. మే నెలలో వాయిదా పడింది. జూన్ 24న సుప్రీంకోర్టు పన్నెండో తరగతి పరీక్షల విచారణలో ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రానిదే బాధ్యతని, పరిహారం కోటి రూపాయల దాకా ఉండవచ్చునని హెచ్చరించిన సాయంత్రమే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది, ఇంటర్ పరీక్షలను రద్దు చేసింది. ఏ పరీక్ష కోసం పిల్లలు మాస్కులు కట్టుకొని ఆరు నెలలు బడికి తిరిగారో అది లేకుండానే వారు పై తరగతికి వెళ్లారు. బడికి వచ్చి పాఠం విన్నవాడికి కొంత చదువు మిగిలింది. నమూనా ప్రశ్నల జవాబులు బట్టీ పట్టినవాడికి అదీ మిగలలేదు.

అందరూ పాస్.. ఆ తర్వాత?

పరీక్ష లేకుండా మార్కులివ్వడం ఎంత చిక్కో వెంటనే తెలిసివచ్చింది. తెలంగాణలో 2021లో ఒక్క నిర్మాణాత్మక మదింపులో వచ్చిన 20 మార్కులను వందకు హెచ్చించగా 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10కి 10 వచ్చాయి. ఆ గ్రేడుతో సీట్లు పంచలేక బాసర ట్రిపుల్ ఐటీ ఆ ఏడాది పాలిసెట్ ర్యాంకును ఆశ్రయించింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రిపుల్ ఐటీల కోసం 2020 డిసెంబరులో విడిగా ప్రవేశ పరీక్ష పెట్టారు. 2020 బ్యాచ్‌కు మొదట గ్రేడ్లు లేని ధ్రువపత్రాలు ఇచ్చి, ఉద్యోగాలకు, ప్రవేశాలకు ఇబ్బంది వస్తున్నదని గ్రహించి, విశ్రాంత ఐఏఎస్ అధికారిణి ఛాయారతన్ కమిటీ సూచనల మేరకు 2021 ఆగస్టులో రెండు బ్యాచ్‌లకూ గ్రేడ్లు ప్రకటించారు.

చదువు లోటు మాత్రం గ్రేడ్లతో పూడలేదు. తెలంగాణలో 2020లో పరీక్షలు పూర్తి కాకుండానే పది దాటిన వారు ఇంటర్ మొదటి ఏడాది కూడా పరీక్ష లేకుండానే రెండో ఏడాదికి చేరారు. వారికి 2021 అక్టోబరు 25 నుంచి మొదటి ఏడాది పరీక్షలు పెట్టగా, డిసెంబరు 16న వచ్చిన ఫలితాల్లో 4,59,242 మందికి గాను ఉత్తీర్ణులైనవారు 2,24,012. అంటే 49 శాతం. ఎనిమిది రోజులు తిరగకముందే తప్పినవారందరికీ కనీస మార్కులు వేసి ఉత్తీర్ణులను చేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో తీర్పు 2022 జూన్ 6న వెలువడింది. పదో తరగతి రాసిన 6,15,908 మందిలో గట్టెక్కినవారు 4,14,281. ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాకు ముందు, 2019లో, అది 94.88. రెండు లక్షల మందికి పైగా తప్పారు. 71 బడుల్లో ఒక్కరూ పాస్ కాలేదు. ఇంతటి తగ్గుదలకు మూత ఒక్కటే కారణమనడం సరికాదు. అంతర్గత మార్కులు తీసేశారు, ప్రశ్నపత్రం తీరు మారింది, పేపర్లు పదకొండు నుంచి ఏడుకు తగ్గాయి. అదే ఏడాది అంతర్గత మార్కులు ఉంచి, ప్రశ్నల్లో ఎంపిక పెంచిన తెలంగాణలో ఉత్తీర్ణత 90 శాతం. రెండు రాష్ట్రాల పిల్లల తెలివిలో అంత తేడా ఉండదు గదా! ఉత్తీర్ణత శాతం పిల్లలకు వచ్చిన చదువుతో పాటు ప్రశ్నపత్రం పెట్టిన తీరును కూడా చెబుతుంది.

అయినా ఒక విషయం దాటవేయలేనిది. 2022లో రాసిన ఈ పిల్లలు 2020 మార్చిలో ఎనిమిదో తరగతిలో ఉన్నారు. బోర్డు పరీక్ష లేని తరగతి కనుక వారి గురించి నాడు ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించలేదు. ఎనిమిది పరీక్ష లేకుండా తొమ్మిదికి, తొమ్మిదిలో ఒంటిపూట బడి, ఏప్రిల్‌లో మళ్లీ మూత. పదో తరగతి బడి 2021 ఆగస్టు 16న గాని తెరుచుకోలేదు. 'పరీక్ష ఏడాది' అన్న ముద్ర వారిపై పడేనాటికి పోవలసినదంతా పోయింది. అంటే పరీక్షను బట్టి ఎవరు ముందు రావాలో నిర్ణయించే పద్ధతి, రేపటి పరీక్ష రాసేవారిని ఈ రోజు మరిచిపోతుంది. తర్వాత 2023లో ఉత్తీర్ణత 72.26కు, 2024లో 86.69కు పెరిగింది. కోలుకోవడానికి రెండు మూడేళ్లు పట్టింది.

పిలిస్తే ఎలా పిలవాలి?

ఈ అనుభవం నుంచి జిల్లా స్థాయిలో పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. పిల్లలు వచ్చిన మొదటి పక్షంలో సిలబస్ జోలికి పోకుండా, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని చూసుకోవాలి. అది మార్కులు వేసే పరీక్షగా ఉండరాదు. గణితంలో, ఆంగ్లంలో రెండు తరగతుల వెనక నుంచి మొదలు పెట్టవలసి రావచ్చు. సిలబస్ తగ్గించడం రాష్ట్రం చేసే పని. తగ్గిన మేరకు మిగిలిన సమయాన్ని పునాదికి వాడటం, మరిన్ని స్లిప్ టెస్టులకు వాడకపోవడం బడి చేతిలోని పని. వెనుకబడిన పిల్లలను ఉపాధ్యాయులు తలా కొందరిని దత్తత తీసుకునే పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పటినుంచో ఉన్నది. దాన్ని ఫిబ్రవరిలో కాక బడి తెరిచిన రోజునే మొదలు పెడితే ఫలం దక్కుతుంది.

హాస్టళ్ల విషయం వేరుగా చూడాలి. పగటి బడి, రాత్రి హాస్టలు ఒక్కటి కావు. ఒకే గదిలో నలభై మంది పడుకునే చోట గదికి ఇరవై మంది అన్న నిబంధనకు అర్థం లేదు. 2021 ఆగస్టు 31న తెలంగాణ హైకోర్టు బడులు తెరవడంపై విచారణలో గురుకులాలను, వసతి గృహాలను వేరుగా చూసి వాటిని ఆపమన్నది. ప్రత్యక్ష తరగతులకు రావాలని ఎవరినీ బలవంతం చేయరాదని కూడా చెప్పింది. గిరిజన, సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలకు హాస్టల్ లేనిదే బడి లేదు. వారికోసం ఊరికి దగ్గరలోని బడిలో తాత్కాలికంగా కూర్చునే వీలు కల్పించడం, పుస్తకాలు, బియ్యం ఇంటికి చేర్చడం మూతపడిన రోజునే ఆలోచించవలసినవి. తెరిచే రోజున ఆలోచిస్తే ఆలస్యమే.

బడి మళ్లీ మూయవలసి వస్తే ఏ అంకె దగ్గర మూస్తారో ముందే చెప్పడం మరో అవసరం. మండలంలో కేసులు ఇంత దాటితే, లేదా వరద నీరు ఇక్కడిదాకా వస్తే మూస్తాం అన్న మాట ముందుగా ఉంటే తల్లిదండ్రులు నమ్ముతారు. పరీక్ష తేదీని బట్టి మూత, తెరుపు జరుగుతున్నాయన్న అనుమానం వచ్చిననాడు పిల్లలను పంపరు. పంపినా భయంతో పంపుతారు.

2022 జనవరి 3న పదిహేనేళ్లు నిండినవారికి టీకా మొదలవడంతో పదో తరగతి పిల్లల్లో చాలామందికి ఆ రక్షణ దొరికింది. చిన్న తరగతుల వారికి అది కూడా లేదు. బడులు పూర్తిగా మూతపడిన 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉండి, అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలు ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ పదో తరగతి పరీక్ష రాసేది 2029లో.